పోలి పేరు మీద నేను వేలిముద్ర వెయ్యను

బెజవాడ, బందరు కాలవ గట్టు.

నా పేరు మరియమ్మ. అమ్మ చెప్పిన లెక్కన డెబ్బై ఏళ్ళు దాటాయి. దివిసీమలో మన పల్లెలో పుట్టి, పెనిమిటి పోయాక కొడుకు వెంట బెజవాడ వచ్చినదాన్ని. ఇంట్లో మేం ముగ్గురం: గూడ్సుషెడ్డులో మూటలు మోసే నా కొడుకు ఏసుదాసు, కోడలు రూతమ్మ, నేను. నాకు అక్షరం రాదు. మా గుడిలో ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే సుగుణమ్మ గారు నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నారు. ఎక్కడా మెత్తబరచొద్దని ముందే చెప్పుకున్నాను.

ప్రభువు రెక్కల నీడన ఉన్న నా తమ్ముడు దేవదానానికి, అక్క వందనాలు, దీవెనలు. నువ్వూ మరదలూ పిల్లలూ ఎలా ఉన్నారు? మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఆవాలు వేసి కాచిన నూనె రాయమన్నానే, రాస్తోందా? మేమందరం బాగానే ఉన్నాం. బాగానే ఉన్నామని మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో ముందుకుపోయిన కొద్దీ నీకు అనుమానం వస్తుంది.

ఇక్కడ ఎండలు నీకు తెలియవు. మన దగ్గర సాయంత్రానికి సముద్రం గాలి తిరుగుతుంది. ఇక్కడ కొండలు పగలంతా కాగి పొద్దుగూకాక మన మీదకు వదులుతాయి. రేషను బియ్యంలో సగం రాళ్ళు, తక్కిన సగం పురుగులు. నేను బియ్యం మిల్లులో నూకలు చెరగడానికి ఇంకా పోతూనే ఉన్నాను. నడుం వంగింది గాని చేట వంగలేదు. పనిలో పొద్దుపోతుంది. పొద్దుగూకాక మాత్రం మన పల్లె గుర్తొస్తుంది. మన దగ్గర ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో నీళ్ళు పెట్టేవాళ్ళు. ఇక్కడ ఒకరి గుడిసె తడిక ఇంకొకరి తడికకు ఆనుకునే ఉంటుంది, మనుషులు ఆనుకోరు.

సరే, అసలు మాటకు వస్తాను. నువ్వు పంపిన కాగితం అందింది. ఏసుదాసు చదివి వినిపించాడు. మన లంకలో ప్రభుత్వం హరిజనులకు భూమి ఇస్తోందని, నీ పేరూ ఎక్కిందని, కాని నేను బెజవాడలో చేసిన అల్లరి కరణం చెవిన పడిందని, ఇంటికి పెద్దదాన్ని గనుక నేను వేలిముద్ర వేస్తేనే నీ పని జరుగుతుందన్నాడని రాశావు. కాగితంలో ఏముందో కూడా విన్నాను. "మాల కోటిగాడి కూతురు పోలి అను నేను హిందువును" అని ఉంది. కింద వేలిముద్రకు జాగా వదిలారు.

నేను చేసిన అల్లరి ఏమిటో కరణం నోటి నుంచి విన్నావు. ఇప్పుడు నా నోటి నుంచి విను.

ఈ కాలవ గట్టు మీది గుడిసెలన్నీ పీకేస్తారట. మా అందరికీ గుణదల దారిలో, కొండ వార, ఇళ్ల స్థలాలు ఇస్తామన్నారు. హరిజనులకు మాత్రమే అన్నారు. క్రైస్తవుల్లో కలిస్తే హరిజనుడు కాదని వాళ్ళ రూలు. అందుకని పేటంతా ఏం చేసిందో నీకు చెప్పనక్కర్లేదు, మన పల్లెలో చేసేదే. మనకు పేర్లు రెండు గదా. గుడికి ఒకటి, సర్కారు కచేరీకి ఒకటి. గుడిలో దానియేలు కచేరీలో దానయ్య అవుతాడు. గుడిలో రూతమ్మ అక్కడ లచ్చి. ఏసుదాసు తన పేరు ఏడుకొండలని రాయించుకొచ్చి, నన్ను అడక్కుండానే నా పేరు పోలి అని రాయించాడు.

ఆఫీసరు గారు వచ్చిన రోజు గట్టు మీద పందిరి వేశారు. పక్కనే ఖద్దరు వేసుకున్న నాయకుడొకాయన కూర్చున్నాడు. పేరు పిలవడం, మనిషి లేవడం, "హిందువేనా" అంటే "అవునండి" అనడం, వేలిముద్ర వెయ్యడం. అంతే పని. మా వంతు వచ్చింది.

"పోలి! ఎవరిక్కడ పోలి?"

రూతమ్మ నా నడుం గిల్లింది. "లెగండత్తా, మిమ్మల్నే."

"నన్ను కాదే. పోలినెవర్నో పిలుస్తున్నాడు."

"అత్తా, మీకు దణ్ణం పెడతా, ఇయ్యాల ఒక్కరోజుకి లెగండి."

లేచాను. "బాబూ, పోలి లేదండి. ఆ గుడిసెలో ఉండేది మరియమ్మ. అది నేనే."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "క్రిస్టియనువా?"

"అవునండి."

"అయితే నీకు రాదు. ఇది హరిజనులకి."

"మరి నేనెవర్నండి?"

ఆయన చెడ్డవాడు కాదు, నిజం చెప్పాలి. గొంతు తగ్గించాడు. "చూడు పెద్దమ్మా, కాదని ఒక్క మాట అను. నేను రాసుకుని పోతా. నీ దేవుడేం కోప్పడడు."

"ఆ వంతెన దగ్గర కాఫీ హోటలుందండి" అన్నాను. "మాకు బయట గూట్లో వేరే గ్లాసులు. తాగి మేమే కడిగి బోర్లించాలి. మొన్న కూడా అంతెత్తు నుంచి పోశాడు, బాప్తిస్మం పుచ్చుకున్నావా అవ్వా అని అడగలేదండి. నీళ్ళలో ముంచగానే నా మాలతనం పోయిందని మీ పుస్తకంలో ఉంటే, ముందా హోటలాయనకి చదివి వినిపించండి. నన్ను లోపల బల్ల మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించండి. అప్పుడు మీ స్థలం నాకక్కర్లేదు."

జనం నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, "ఆ రూలు నేను చేసింది కాదమ్మా" అన్నాడు.

"చేసినోళ్ళకి రాయండి మరి. కలం మీ చేతిలోనే ఉందిగా."

అప్పుడు ఖద్దరు బాబు అందుకున్నాడు. "అవ్వా, మతం గుండెల్లో ఉండాలి. ఇట్టాంటి పనుల్లోకి తేకూడదు. స్వరాజ్యంలో అందరం ఒకటే."

"మంచి మాటన్నారు బాబూ. మరి పొద్దున ఈ పందిట్లో కొబ్బరికాయ కొట్టిందెవరండి? హారతిచ్చిందెవరు? మీ దేవుడేమో తెల్లారేసరికి పనిలోకొచ్చేశాడు. మా దేవుణ్ణేమో ఇంట్లో పడుకోమంటున్నారు."

ఆయన కండువా సర్దుకుని ఆఫీసరు వైపు తిరిగాడు.

తమ్ముడూ, నన్ను తప్పుగా అనుకోకు. మన దేవుణ్ణి కుర్చీ ఎక్కించమని నేను అడగలేదు. తెల్లదొరలున్నన్నాళ్ళూ ఆయన కుర్చీలోనే ఉన్నాడని ఊరంతా అనుకుంది. మనకేం ఒరిగింది? దొరసాని గుడికి వస్తే ఆమెకు బెంచీ, మనకు వెనక చాప. నాకు కుర్చీ వద్దు. నా పేరు చెప్పుకుని నిలబడేంత నేల కావాలి. గుణదల మాత తిరునాళ్ళకు సగం బెజవాడ ఆ కొండ ఎక్కుతుంది. ఎక్కేవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. మొక్కు తీర్చుకుని దిగుతారు. వాళ్ళనెవరూ పేరు మార్చుకోమని అడగరు. మమ్మల్నే ఎందుకడగాలి? రేపు అందరికీ ఓటు వస్తుందంటున్నారు. అప్పుడు ఓటెవరు వేస్తారు, పోలా, మరియమ్మా?

నా తర్వాత ఆఫీసరుకు అనుమానం వచ్చింది. ఒక్కొక్కరినీ నిలబెట్టి "గుడికి పోతావా?" అని గుచ్చి అడిగాడు. కిందటి ఆదివారం నా పక్కన కూర్చుని పాట పాడినవాళ్ళు నా ముందే "మేం ఎరగమండి" అన్నారు. ఏసును ఎరగనన్న పేతురు లాగే. కోడి మాత్రం కూయలేదు, పేటలో కోళ్ళన్నీ క్రిస్మసుకే కోసేశాం గదా. వాళ్ళను నేను తప్పుపట్టను. పిల్లలున్నవాళ్ళు, వానలొస్తున్నాయి. వాళ్ళకు స్థలాలు వచ్చాయి. మా ఇంట్లోవాళ్ళ పేర్లు కొట్టేశారు.

ఆ సాయంత్రం పాస్టరు గారు వచ్చారు. "మరియమ్మా, ఎస్తేరు రాణి తన జాతి ఏదో చెప్పకుండా దాచింది. దేవుడు ఆమెను తప్పుపట్టాడా?" అన్నారు.

"దాచింది సరే అయ్యగారూ. ఆఖరికి రాజు ముందు నిలబడి చెప్పిందా లేదా? సగం కథ చెప్పి ఆపేస్తే ఎట్టాగండీ?"

"చెప్పింది. ఆమె నెత్తిన కిరీటం ఉంది గనక చెప్పింది. నీ నెత్తిన ఏముంది, నూకల చేట తప్ప? నీ పంతానికి నీ కొడుకు వానలో తడవాలా?"

ఉన్నమాట చెబుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను. ఏసుదాసు నాతో మాట్లాడటం మానేశాడు. కంచం ముందు కూర్చుని గోడతో చెప్పినట్టు చెబుతాడు, "ఉప్పు కావాలి" అని. నేనూ గోడకే ఇస్తాను ఉప్పు. నవ్వకు. వాడు మూటలు మోసి వచ్చి, పేటవాళ్ళు గుడిసెలు విప్పుకుని వెదుళ్ళు బండ్లకెత్తుతుంటే చూస్తూ నిలబడితే, నేను లోపలికి పోయి ఖాళీ చేటే చెరుగుతూ కూర్చుంటాను. అయినా నా మాట మారదు.

ఎందుకు మారదో నీకు తెలియాలి. అప్పుడు నువ్వు అమ్మ చంకలో ఉన్నావు. మనం బాప్తిస్మం పుచ్చుకున్న ఏటి కోతల్లో, కామందు కళ్ళంలో నిలబడి "ఒసే పోలీ" అని నన్ను కేకేశాడు. నేను పరిగెత్తబోతే అమ్మ భుజం పట్టుకుని ఆపింది. "పలక్కు" అంది. మళ్ళీ కేకేశాడు. అమ్మ వదల్లేదు.

"ఏమే, నీ కూతురికి చెవుడా?"

"చెవుడు కాదు దొరా. దాని పేరు మరియమ్మ. అట్టా పిలవండి, ఎగురుకుంటా వస్తది."

అమ్మను కొట్టలేదు. కొడితే పోయేది. ఆ కోతలకు, ఆ తర్వాతి నాట్లకు మనల్ని పిలవలేదు. అమ్మ మనిద్దరినీ పడవెక్కించి ఏటి అవతల ఊళ్ళల్లో కూలి చేసి సాకింది. మళ్ళీ ఏడు వరి ఒరిగిపోయి మనుషులు దొరక్క కామందే మన గుమ్మం ముందుకు వచ్చాడు. చేప ముల్లు గొంతులో గుచ్చుకున్నవాడిలా, "మరి... యమ్మా" అన్నాడు. మన పల్లె ఆడపిల్లను ఆ నోరు అమ్మా అనడం అదే మొదలు. ఆ మాట ఇప్పించిన దేవుణ్ణి నేను ఒక స్థలానికి వదలనా? పోనీ దేవుడు క్షమిస్తాడు, ఆయనది పెద్ద మనసు. అమ్మ క్షమించదు.

నీ లంక భూమి నీకు రావాలనే నా కోరిక. నువ్వు ఏ పేరు రాయించుకున్నా నేను నిన్ను తమ్ముడనే పిలుస్తాను. పిల్లల మీద ఒట్టు, నీ మీద నాకు కోపం లేదు. కాని ఆ కాగితం మీద నేను వేలు పెట్టను. దాన్ని ఇందులోనే పెట్టి ఖాళీగా తిప్పి పంపుతున్నాను. ఈ ఉత్తరాన్ని ఆదివారం ఆరాధన అయ్యాక మన గుడిలో అందరికీ చదివి వినిపించు. కరణానికీ చూపించు. నేను ఏమిటో, ఎవరి కూతురినో, ఏ కులంలో పుట్టానో, ఎవరిని నమ్ముకున్నానో అన్నీ ఇందులో ఉన్నాయి. వీటిలో ఒకటి ఉంటే రెండోది కొట్టేస్తాననడానికి కరణం ఎవరు?

నా వల్ల నీ భూమి ఆగుతుందని భయమైతే, మా అక్క చచ్చిపోయిందని చెప్పు. నాకేం బాధ లేదు, ఎలాగూ దగ్గర్లోనే ఉంది ఆ దినం. పోలి బతికే ఉందని మాత్రం చెప్పకు.

మరదలితో చెప్పు, ఎవరైనా ఇటు వస్తే కాస్త రొయ్యపొట్టు పంపమని. బెజవాడ రొయ్యపొట్టులో ఇసకే ఎక్కువ. గుడి పెద్దలకు నా వందనాలు. అమ్మ సమాధి మీద తుమ్మ మొక్కలు లేచి ఉంటాయి, పీకించు. వానలు పడేలోగా మా గుడిసె సంగతి ఏమవుతుందో తెలియదు, దాని కోసం ప్రార్థన చెయ్యండి. మనసు మార్చుకోవాలని మాత్రం చెయ్యకండి, ఆ ప్రార్థన వృథా.

సాక్షులు కావాలని సుగుణమ్మ గారు అన్నారు. పొయ్యి దగ్గర ఉన్న రూతమ్మ, ఇన్నాళ్ళూ నాతో ముభావంగా ఉన్నది, చేతులు తుడుచుకుంటూ వచ్చి "నేను పెడతా సంతకం" అంది. మిషను బడిలో మూడో తరగతి చదివింది.

"ఆలోచించుకోవే" అన్నాను. "నీ పేరు అక్కడ లచ్చి అని రాశారు. ఈ ఉత్తరం కరణం చేతికి పోతుంది."

"రాయించింది మీ అబ్బాయి. నన్నెవరడిగారు?" అని కలం తీసుకుంది.

ఇది నేను చెప్పగా రాసి, మళ్ళీ నాకు చదివి వినిపించిన ఉత్తరం. ఒప్పుకుని ఎడమ బొటనవేలు వేశాను.

మరియమ్మ, వేలిముద్ర
(సారమ్మ కూతురు)

సాక్షులు:
రాసినవారు, సుగుణమ్మ
కోడలు, రూతమ్మ, స్వదస్తూరి