చెప్పులో లేని రాయి

అక్కా, నేను కులాసాయే, కంగారుపడకు. కుట్టుమిషను తొక్కుతుంటే కుడి పాదంలో, వేళ్ళ మొదట్లో రాయి గుచ్చుకుంటున్నట్టుంది. చెప్పు విప్పి దులిపితే ఏమీ లేదు. నొప్పి ఉన్నచోటే గుడ్డ మడతపెట్టి తొక్కాను, ప్రాణం పోయిందనుకో. డాక్టరమ్మ, "ఆ గుడ్డ మెత్తను నొప్పి ఉన్నచోట కాదయ్యా, కాస్త వెనక్కి, మడమ వైపు పెట్టు. వేళ్ళు ఇరుక్కోని చెప్పులు వేసుకో" అంది. అలా పెడితే తగ్గుతోంది కూడా! ముందున్న నొప్పికి వెనక మెత్తేమిటో, నాకు అంతుపట్టడం లేదు. అటక మీది నా వెడల్పు చెప్పులు పంపు. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు. అన్నట్టు, అమ్మ రోజూ గడప దగ్గర చెప్పు విప్పి దులుపుతుంది కదా, శుభ్రం కోసమనుకున్నాం. ఆవిడకి ఎప్పుడైనా రాయి దొరికిందా? మెల్లిగా అడుగు.

నీ తమ్ముడు