మచ్చతో పంపిన ఫొటో

ఆదివారం, రాత్రి

పెళ్లిచూపులకు ముందు అమ్మాయి వాళ్లకు పంపడానికి ఈరోజు చౌరస్తా దగ్గరి స్టూడియోలో ఫొటో దిగాను. స్టూడియో నడిపే అన్న కంప్యూటర్‌లో నా ముఖం తెల్లగా చేశాడు, దవడలు సన్నగా చెక్కాడు. గనిలో బొగ్గు పెళ్ల తగిలిన గాయం మానాక నుదుటి మీద మిగిలిపోయిన నీలం మచ్చను కూడా తుడిచేశాడు.

"ఇప్పుడు చూడు తమ్మీ, క్రీము యాడ్‌ల పోరగాని లెక్క ఉన్నవ్!"

నిజంగానే అలా ఉన్నాను. ఆ యాడ్ చూసే రెండేళ్లుగా ఆ క్రీము రాసుకుంటున్నాను. డ్యూటీ దిగాక చర్మం మండేదాకా రుద్దుకున్న రోజులున్నాయి. తీరా కోరుకున్న ముఖం ఎదురుగా కనిపిస్తే సంతోషం రాలేదు, కోపం వచ్చింది. నాతో పనిచేసేవాళ్లే ఆ ముఖాన్ని గుర్తుపట్టరు.

"అన్నా, నా మొఖం నాకియ్యి. మచ్చ గూడ ఉండాలె."

"అందరు తెల్లగ చెయ్యమంటరు. నీకేమైందిరా?"

"బొగ్గుబాయిల పనిచేసెటోని మొఖం గిట్లనే ఉంటది. ఉండనియ్యి."

ఇంట్లో చూపిస్తే అమ్మ దిగులుపడింది. "గిట్లనే పంపుతవా? వద్దంటె ఎట్లరా?"

"వద్దంటె అననియ్యమ్మా."

అమ్మాయి వాళ్ల అన్నకు పంపేశాను. చూశాడు, జవాబు ఇవ్వలేదు. గంట నుంచి ఫోన్ వంకే చూస్తున్నాను. భయంగానే ఉంది. అయినా ఆ తెల్లటి ముఖం పంపి ఉంటే, వాళ్లు సరేనన్నా అది నాకు చెప్పినట్టు కాదు...