అక్క ఆగిన చోటు

మార్చి 4
మా బ్యాండులో ఈసారి తలా ఒక సోలో వాయించాలని డ్రమ్మర్ తీర్మానించాడు. అదీ సొంత ట్యూన్ అయి ఉండాలట. బేస్ గిటార్‌కి సోలో ఏమిటి, నా మొహం! నాలుగు లావుపాటి తీగలు పట్టుకుని అందరి వెనకా నిలబడేదాన్ని. బుర్ర గోక్కుంటున్నాను.

మార్చి 6
అక్క ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం పిల్లను నిద్రపుచ్చడానికి గిటార్ వాయిస్తోంది. పిల్ల పుట్టినప్పుడు తనే కట్టుకున్న ట్యూన్. ప్రింటింగ్ ప్రెస్సులో ఎడమ చిటికెన వేలు నలిగి బిగుసుకుపోయాక అక్క స్టేజీ మానేసింది. ఇంట్లో ఇదొక్కటే వాయిస్తుంది. తలుపు పక్కన నిలబడి ఫోన్‌లో రికార్డు చేశాను. ఊరికే, మళ్లీ విందామని. ఊరికేనట! డైరీలో కూడా అబద్ధాలే.

మార్చి 9, ఉదయం 6
అబ్బ, చేతులు పడిపోయాయి. గిటార్ మీద అక్క నాలుగైదు స్వరాలు కలిపి ఒక్కసారిగా మీటే చార్డ్‌ని బేస్ మీద మీటితే అంతా బురద. మూడు రోజులు తన్నుకున్నాక దారి దొరికింది. చార్డ్‌లో అడుగు స్వరం, పై స్వరం ఉంచి మధ్యవి తీసేశాను. సన్నతీగలు రెండూ నాకు లేవు కదా, అందుకని ట్యూన్ మొత్తాన్నీ బేస్ మెడ మీద పన్నెండో మెట్టు, అదే ఫ్రెట్, పైకి జరిపాను. నాలుగో లైనులో అక్క ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం ఎంత బాగుందో! దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

మార్చి 11
అక్కను అడగాలి. రేపు.

మార్చి 14
రిహార్సల్‌లో వాయించాను. సింగర్ కళ్లు తుడుచుకుంది. నాలుగో లైనులో ఆ ఆగడం ఉంది చూడు, ప్రాణం లేచొచ్చిందే అంది. ఎవరిదిది అని డ్రమ్మర్ అడిగాడు. నాదే అన్నాను. ఎంత సులువుగా ఊడిపడిందో ఆ మాట! ఇంటికొచ్చి అద్దంలో చూసుకోవడానికి ముఖం చెల్లలేదు.

మార్చి 21
ప్రోగ్రాం. నేను పిలవకపోయినా అక్క వచ్చింది, చెల్లెలి సోలో వినాలని. పిల్లను ఎత్తుకుని రెండో వరసలో కూర్చుంది. నేను చూసేసరికే సింగర్ మైకులో ఇది ఈమె సొంత ట్యూన్ అనేసింది. పారిపోదామా అనుకున్నాను. వాయించాను. సగంలో తలెత్తితే పిల్ల అక్క భుజం మీద వాలి నిద్రపోతోంది.

తర్వాత అక్క స్టేజీ వెనక్కి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. నాలుగో లైనులో ఎందుకాగావే అని మాత్రం అడిగింది. అక్కడ అలాగే బాగుంటుందని నసిగాను. అక్కడ ఇంకో స్వరం ఉందే పిచ్చిదానా, నా చిటికెన వేలు అందదని వదిలేస్తాను, నీ వేలికేమైంది, అంది. తల కొట్టేసినట్టయింది.

మార్చి 22
ఆఫీసుకు సెలవు. ముసుగు తన్ని పడుకున్నాను. నిద్ర కాదు, సిగ్గు.

మార్చి 25
బ్యాండు వాళ్లకు చెప్పేశాను. ట్యూన్ మా అక్కది, దొంగిలించానని. డ్రమ్మర్ కర్రలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పోనీ ఆ ఆగడమైనా నీదేనా అని సింగర్ అడిగింది. అది మరీ తనది అన్నాను.

మార్చి 28
అక్కను క్షమించమన్నాను. సరేలే, పక్కన కూర్చో అంది. ట్యూన్ వాయిస్తూ, ఆ చోటు రాగానే తన గిటార్ తీగ మీద నన్ను వేలు పెట్టమంది. పెట్టాను. ఆ స్వరం పలికింది.

నిద్రలో ఉన్న పిల్ల ఉలిక్కిపడి లేచి నావైపు చూసింది.