ఫుట్‌బాల్ వాళ్ల వెర్నా గారు

అయోవా, ఏప్రిల్ 4

యూనివర్సిటీ మ్యూజియం విరాళాల అధికారి డ్వైట్ హాల్వర్సన్‌కు,

నాయనా, మీ మ్యూజియం పైకప్పు కారుతోంది. మా చెల్లెలు ఆర్డిస్ వేసిన బొమ్మ కింద బకెట్ పెట్టారు. పోయిన పిల్ల గుర్తుగా మిగిలిందల్లా ఆ ఒక్క బొమ్మే, తడిస్తే నేను తట్టుకోలేను. కప్పు ఖర్చంతా నాది. శుక్రవారం చెక్కు తెస్తాను.

ఆశీస్సులతో,
వెర్నా టోర్గెర్సన్

తా.క.: బకెట్ కూడా కళాఖండమే అనుకుని ఐదు నిమిషాలు మెచ్చుకున్నాను.

ఏప్రిల్ 9

గౌరవనీయులైన వెర్నా గారికి,

మీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. కానీ ఆ చెక్కు నేను తీసుకోకూడదండీ! ఇక్కడ ఒక్కో దాత ఒక్కో విభాగానికి రాసిపెట్టి ఉంటారు. మీవారు 1974లో ఫుట్‌బాల్ స్టేడియం నిధికి అమ్మిన కూర్చునే దిండు ఒకటి కొన్నారట, అందుకని మీరు ఫుట్‌బాల్ వాళ్ల మనిషి. వాళ్లు వదిలితే తప్ప నేను మీతో కాఫీ కూడా తాగకూడదు. ఒక్క మాట వాళ్లతో చెప్పి చూడండి.

మీ విధేయుడు,
డ్వైట్

తా.క.: మ్యూజియానికి నేను సగం ఉద్యోగినే. మిగతా సగం పశువైద్య కళాశాలది. ఈ కాగితం మీద ఉన్న మరక కప్పు నీళ్లది కాదు, ఆవుది.

ఏప్రిల్ 20

నాయనా డ్వైట్,

పుల్లటి రూబార్బ్ కాడలతో 'పై' అనే తీపి వంటకం చేసుకుని ఫుట్‌బాల్ కోచ్ దగ్గరికి వెళ్లాను. "నన్ను వదిలెయ్యి బాబూ" అన్నాను. అలిగాననుకున్నాడు కాబోలు, "అయ్యో, మిమ్మల్ని ఎలా వదులుకుంటాం మామ్మగారూ!" అని ముందు వరుసలో సీటిచ్చాడు.

ఒళ్లు మండుతున్న,
వెర్నా

తా.క.: హెల్మెట్ కూడా ఇచ్చాడు. పెట్టుకుంటే ఊడి రావడం లేదు.

ఏప్రిల్ 27

వెర్నా గారికి,

కొంప ముంచారు! మీరిచ్చిన ఆ రూబార్బ్ 'పై'ని కూడా ఫుట్‌బాల్ వాళ్లు విరాళంగా రాసుకున్నారు. ఇంకో ఐదేళ్లు మీరు వాళ్ల మనిషే. ఇక్కడ బకెట్ పొంగింది. సోమవారం ఆర్డిస్ గారి బొమ్మను దించి నేలమాళిగలో పడేస్తారట. నన్ను క్షమించండి.

తలెత్తుకోలేని,
డ్వైట్

తా.క.: హెల్మెట్‌కి సబ్బు రాసి లాగండి.

మే 6

డ్వైట్ బాబుకు,

బొమ్మ ఎక్కడికీ పోలేదు. దించడానికి వచ్చిన వాళ్లను "బొమ్మల్ని ముట్టుకోకూడదు!" అని తరిమేశాను. అదే నా ఉద్యోగం మరి. ఎనభై మూడేళ్ల వయసులో మీ మ్యూజియంలో కాపలాకు చేరాను. యూనివర్సిటీ ఉద్యోగులు మాత్రం ఏ విభాగానికి కావాలంటే దానికి విరాళం ఇచ్చుకోవచ్చట, ఫుట్‌బాల్ వాళ్లయినా అడ్డు రాకూడదట. చెక్కు నీ బల్ల మీద పెట్టాను. రేపే కప్పు వాళ్లను పిలువు.

నీ తోటి ఉద్యోగి,
వెర్నా

తా.క.: ఆర్డిస్ బతికుండగా "అక్కా, ఒక్కసారి వచ్చి నా బొమ్మ చూడవే" అని ఎన్నిసార్లు పిలిచిందో! నాకు తీరికే దొరకలేదు. ఇప్పుడు దాని బొమ్మ ఎదురుగా రోజంతా కూర్చున్నందుకు జీతమిస్తున్నారు. సిగ్గుగా ఉంది నాయనా.