కోమల ఇచ్చిన పదకొండు బలపాలు

జూన్ 2, సోమవారం

తెలంగాణ అవతరణ దినం, జెండా వందనానికి బడి తెరిచాను. వేసవి సెలవుల తర్వాత స్టాఫ్ అంతా కలవడం ఇదే మొదలు. అంతా అంటే ముగ్గురం. హెచ్చెమ్‌ని నేను, సదానందం సారు, మాలో చిన్నది ప్రవళిక టీచర్. నాలుగో మనిషి కోమల, ఒకటో తరగతి టీచర్. మే నెలలో కాగజ్‌నగర్‌లో చెల్లెలి పెళ్లికని పోయింది. వడదెబ్బ తగిలి మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయింది.

వంట చేసే శంకరవ్వ అలవాటు కొద్దీ నాలుగు కుర్చీలు వేసింది. తీసెయ్యమని ఎవరమూ అనలేదు. మామూలుగా అయితే గంటసేపు ముచ్చట పెట్టేవాళ్లం. ఈసారి ఎవరి బండి మీద వాళ్లం సుల్తానాబాద్‌లో ఇళ్లకు వెళ్లిపోయాం.

జూన్ 5

రేపటి నుంచి బడిబాట, పిల్లల్ని చేర్పించడానికి ఇల్లిల్లూ తిరగాలి, తొమ్మిదికల్లా రండి అని గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఇద్దరూ బొటనవేలు బొమ్మ పెట్టారు. కోమల నంబర్ ఇంకా గ్రూపులోనే ఉంది. తీసెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

జూన్ 6, సాయంత్రం

చేయకూడని పని చేశాను.

కోమలకు ఒక పద్ధతి ఉండేది. ఏప్రిల్‌లో సెలవులకు ముందు ఇల్లిల్లూ తిరిగి, ఒకటో తరగతికి రావలసిన పిల్లలకు తలా ఒక బలపం కాగితంలో చుట్టి ఇచ్చేది. విరగ్గొట్టకుండా దాచుకో, బడి తెరిచిన రోజు తీసుకురా, దాంతోనే నీ పేరు రాయిస్తా అనేది. ఆ బలపం ధ్యాసలో పిల్లలు ఏడవకుండా వచ్చేవాళ్లు. ఈసారి పదకొండు ఇచ్చింది.

ఆ పిల్లల్లో ఒకడి తండ్రి భూమన్న. మొదట ఆయన ఇంటికి వెళ్లాం. ఆయన భార్య బాలలక్ష్మి, కోమల టీచర్ రాలేదా అని అడిగింది. లీవులో ఉంది, వస్తుంది అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఒకసారి అన్నాక మిగతా పది ఇళ్లలోనూ అదే చెప్పాను. సదానందం సారు నేల చూపులు చూశారు. చివరి ఇంట్లో భవ్యశ్రీ గుప్పిలి విప్పి చూపించింది. చెమటకు తడిసిన బలపం, సగమే ఉంది.

జూన్ 7

ప్రవళిక పోట్లాడింది. నేనూ ఊరుకోలేదు. పదిమంది చేరకపోతే ఉన్న ముగ్గురిలో ఒకరిని సర్దుబాటు కింద వేరే బడికి పంపుతారు, జూనియర్‌వి నువ్వే పోతావు అన్నాను. కోమల లేదని తెలిస్తే పిల్లల్ని ప్రైవేట్ స్కూల్ వ్యాన్ ఎక్కిస్తారని కూడా అన్నాను.

"పోతే పోత మేడమ్. అక్క పేరు మీద అబద్ధమాడి పిల్లల్ని తెచ్చుకునుడు ఏంది?"

రిజిస్టర్లు సర్దుతూ కూర్చున్నాను. నిన్ను కాపాడుకుందామనే కదే అని మనసులో ఉంది. ఒక మనిషి పోయింది, ఇంకొకరు పోతే నేను తట్టుకోలేను.

జూన్ 9

ముగ్గురం మూడు గదుల్లో కూర్చుని అన్నం తిన్నాం.

జూన్ 11

రేపు పిల్లలకు బడి తెరుస్తాం. పొద్దున శంకరవ్వ గదులు ఊడుస్తూ కోమల బీరువా ఎప్పుడు తీస్తారని అడిగింది. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ తెరవలేదు. ముగ్గురం నిలబడి తీశాం. పై అరలో బలపాల డబ్బా, కింద ఒక కాగితం. పదకొండు పేర్లు. ప్రతి పేరు పక్కన ఒక ముక్క రాసుకుంది.

భూమన్న కొడుకు: ఎడమచేతి వాటం, మార్చొద్దు. నవనీత: తల్లి దుబాయిలో, శుక్రవారం ఫోన్ వస్తుంది, ఆ రోజు ఏమనొద్దు. భవ్యశ్రీ: బలపం తింటుంది, రెండు ఇవ్వాలి.

ప్రవళిక చదువుతూ చదువుతూ ఆగిపోయింది. మిగతాది సదానందం సారు చదివారు. ఆయన ఏడవడం తొమ్మిదేళ్లలో మొదటిసారి చూశాను. అబద్ధం మీరొక్కరే ఆడలేదు మేడమ్, పక్కన నిలబడి నేనూ ఆడిన అన్నారు. అప్పుడు నాకూ ఏడుపు ఆగలేదు. నెల రోజుల దుఃఖం అది. ఎవరింట్లో వాళ్లం దాచుకున్నాం.

మధ్యాహ్నం నిజం చెప్పడానికి మళ్లీ పదకొండు ఇళ్లు తిరిగాం. బాలలక్ష్మి మంచినీళ్లిచ్చి, నేను చెప్పేదంతా విన్నది.

"మాకు ఎర్కే మేడమ్. శంకరవ్వ ఎన్నడో చెప్పింది. మీరెప్పుడు చెప్తరో అని చూసినం."

శంకరవ్వ ఈ ఊరి మనిషే. ఆ మాట నాకెందుకు తట్టలేదో. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తిరిగొచ్చి నలుగురం ఒకే చాపమీద కూర్చుని చాయ్ తాగాం. శంకరవ్వ పోసింది.

జూన్ 12

ఏడుగురు వచ్చారు. నలుగురు వ్యాన్ ఎక్కారు. వాళ్ల తల్లిదండ్రులను తప్పు పట్టను. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే ఆ నలుగురూ వచ్చేవారేమో. ఇక ఎప్పటికీ తెలియదు.

ఏడుగురూ బలపాలు తెచ్చారు. వాటితోనే పేర్లు రాయించాం. భూమన్న కొడుకు ఎడమచేత్తో రాశాడు.

జూన్ 25

సర్దుబాటు ఆర్డర్ వచ్చింది. ప్రవళిక మంథని వైపు ఒక బడికి.

జూన్ 26

వెళ్లేముందు ప్రవళిక కోమల డబ్బాలోంచి ఒక బలపం తీసి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

"ఇరగకుండ దాచుండ్రి మేడమ్. మల్ల జూన్‌ల వస్త."

వస్తుందని ఇద్దరికీ నమ్మకం లేదు. గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపాను.

జూన్ 30

బల్ల మీద పెట్టుకున్న ప్రవళిక బలపం లేదు. కాగితం ఉంది. భవ్యశ్రీ మూతి తెల్లగా ఉంది.

ప్రవళికకు ఫోన్ చేసి చెప్పాను. నవ్వింది.

"దానికి రెండోది ఇయ్యి అక్కా" అంది.