ఉద్యోగం లేని కెజియా కోసం ప్రార్థన

సంఘపెద్ద హెన్రీ గారికి,

మా మనవరాలు కెజియా ఇంట్లోనే కూర్చుని, అడిగినవారికల్లా కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిచ్చి సంపాదిస్తోంది. మీరేమో ప్రతి ఆదివారం మైకులో, "ఉద్యోగం లేని మన కెజియా కోసం ప్రార్థన చేయండయ్యా" అంటున్నారు.

కృష్ణపట్నం రేవుకు లారీలు తిప్పే కృపాదానం తన లారీల లెక్కలకు ప్రోగ్రాము రాసే పని ఆమెకు ఇస్తానన్నవాడల్లా, అది విని వెనక్కి తగ్గాడు. "ఎవురూ పన్లో పెట్టుకోని పిల్లని నేనెట్ట నమ్మేది పెద్దాయనా?" అన్నాడు.

బైబిల్లో డేరాలు కుట్టి బతికిన అపొస్తలుణ్ణి ఏ కంపెనీ పనిలో పెట్టుకుంది? మీ అబ్బాయికి సిఫార్సుతో ఉద్యోగం వచ్చింది కనుక మీకు ఈ సంగతి తట్టదు.

వచ్చే ఆదివారం ఆమె చేస్తున్న పని కోసం దేవుడికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించండి. నేను చెబితే తాత గొప్పలంటారు. మీరు చెబితే కృపాదానం నమ్ముతాడు. ఏళ్లుగా మీతో మాటలు మానుకున్నవాణ్ణి, ఈ ఒక్క మాట మిమ్మల్ని అడుక్కుంటున్నాను.

కెజియా తాత