షాహీన్ ఇంటి గోడ మీది మాట

ఆగస్టు, బుధవారం రాత్రి

సాయంత్రం ట్యూషన్‌లో, ముందు 'అన్' చేరితే మాట అర్థం ఎలా తిరగబడుతుందో చెప్పాను: అన్‌హ్యాపీ, అన్‌కైండ్. ఇంకో మాట చెప్పమంటే, గాజులు చేసే మహబూబ్ కూతురు షాహీన్ లేచి "అన్‌సేఫ్" అంది.

ఎక్కడ చూశావన్నాను.

"మా ఇంటి గోడ మీద సార్. మున్సిపాలిటోళ్లు ఎర్ర రంగుతోటి రాసి పోయిన్రు."

ఆ ఇంట్లో ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేది ఆ పిల్ల ఒక్కతే. వెంటనే వెళ్లి మహబూబ్‌కు అర్థం చెప్పాను.

"మా తాత కట్టిన గోడ సార్, ఏం కాదు. బర్సాత్ పోనీ, వానలు తగ్గినంక చూస్తం" అని నవ్వాడు.

గోడ పగులులో చెయ్యి పెట్టి చూశాను. మణికట్టు దాకా పోయింది. ఆ గోడ వారనే పిల్లల పక్కలు.

ఇది రాస్తుండగానే వాన జోరందుకుంది. మళ్లీ వెళ్తాను. ఈసారి అర్థం చెప్పడానికి కాదు, పిల్లల్ని ఎత్తుకొని రావడానికి.